ఎవరి క్రిమి

బిందుమాధవికి నెలలు నిండకుండానే నొప్పులు వచ్చాయి. రైల్వే ఆసుపత్రిలో చూసిన డాక్టరమ్మ కడుపు మీద చెయ్యి వేసి, "కవలలు. ఇంత చిన్న పిల్లల్ని చూసే నర్సరీ మా దగ్గర లేదు" అని బిలాస్‌పూర్ రోడ్డు మీదున్న ఒక ప్రైవేటు ఆసుపత్రికి రాసిచ్చింది. భర్త పృథ్వీ వ్యాగన్ రిపేరు షాపులో ఫిట్టరు. గ్రీజు మరకల యూనిఫాంతోనే అంబులెన్సు ఎక్కాడు. అత్తగారు తాయారమ్మ మోవా పేటలో తాముండే ఇంటికి తాళం వేసి ఆటోలో వెనకే వచ్చింది.

ఆ సాయంత్రమే ఆపరేషన్ చేసి పిల్లల్ని తీశారు. ముందు బాబు, వెనక పాప. ఒక్కొక్కరు రెండు అరచేతుల్లో పట్టేంత ఉన్నారు. ఏడిస్తే పిల్లికూనల అరుపంత కూడా లేదు. వెంటనే నర్సరీలో గాజు పెట్టెల్లో పెట్టారు.

మర్నాడు చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తీసుకెళ్తే బిందు మొదటిసారి పిల్లల్ని చూసింది. చాందిని అనే నర్సు ఆమె చేతులు మోచేతుల దాకా కడిగించి, పెట్టె పక్కనున్న గుండ్రటి కిటికీ తెరిచింది. బిందు వేలు లోపలికి పెట్టగానే బాబు పట్టుకున్నాడు. వేలి చివర గోరంత మేర కూడా అందలేదు వాడి పిడికిలికి. అయినా వదల్లేదు.

"మీ అబ్బాయికి పట్టు ఎక్కువ దీదీ" అంది చాందిని హిందీలో, నవ్వుతూ.

బిందు పిండిన ముర్రుపాలు చెంచాడు కూడా లేవు. వాటినే ఇద్దరికీ సన్నటి గొట్టంలోంచి పోశారు. ఆ రెండు మూడు రోజులూ తాయారమ్మ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఆ హిందీ ఊళ్ళో దారిన పోయే ప్రతి తెలుగు మొహానికీ చెప్పింది. "మా శ్రీకాకుళం వోళ్ళ ఇంట కవలలు పుట్టడం ఇదే తొలిసారి. మనవడూ మనవరాలూ ఒక్కసారే వొచ్చీసినారు."

తర్వాత బాబు పాలు అరిగించుకోవడం మానేశాడు. పొట్ట ఉబ్బింది. ఒళ్ళంతా చలువరాతి మీద గీతల్లా నీలిమచ్చలు తేలాయి. పిల్లల డాక్టరు శుక్లా మందు మార్చాడు, మళ్ళీ మార్చాడు. చివరికి మెరోపెనెమ్ పెట్టారు. దానికంటే పెద్ద మందు లేనట్టే అన్నారు. ఆ మాటతో పృథ్వీ మొహంలో కాస్త రక్తం వచ్చింది. పెద్ద మందు అంటే పని చేస్తుందనే కదా ఎవరైనా అనుకునేది.

ఓ తెల్లవారుజామున బాబు చనిపోయాడు. పృథ్వీ, వాళ్ళ చిన్నాన్న కలిసి తీసుకెళ్ళారు. కుట్ల నొప్పితో బిందు మంచం దిగలేకపోయింది.

అదే రోజు మధ్యాహ్నం శుక్లా ముగ్గుర్నీ తన గదిలోకి పిలిచాడు, బిందుని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. శుక్లా మంచివాడే. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"బాబు రక్తంలో పెరిగిన బ్యాక్టీరియా ఏ మందుకీ లొంగలేదు. తల్లికి ఆరో నెలలో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది కదా, అదీ మొండి రకమే. అప్పుడిచ్చిన మాత్రలు కోర్సు పూర్తి కాకుండా ఆపేసిందని ఇక్కడ ఉంది. బహుశా అక్కడి నుంచే బాబుకి వచ్చి ఉంటుంది. ఎవరి తప్పూ కాదు."

ఎవరి తప్పూ కాదన్న మాట ఎవరికీ వినబడలేదు.

"మరి పాప?" అన్నాడు పృథ్వీ.

"పాప ఇప్పటికి బాగానే ఉంది. ముందుజాగ్రత్తగా కొన్నాళ్ళు తల్లి తాకకుండా ఉంటే మంచిది. పాలు కూడా వద్దు. పొడిపాలు మేం పడతాం."

బిందు రొమ్ములు రాళ్ళలా బరువెక్కి, చీర ముందు భాగం తడిసిపోతోంది. డాక్టరు ఎదుట కొంగు నిండా కప్పుకుని కూర్చుంది.

బయటికి వచ్చాక తాయారమ్మ ఆగలేకపోయింది.

"మాత్రలెందుకు మానీసినావే తల్లీ?"

"వేసుకుంటే వాంతులయ్యేవి అత్తమ్మా. కడుపుతో ఉన్నదానికి అన్ని మందులెందుకు, మానీయ్ అన్నది మీరే కదా."

తాయారమ్మ "అన్నాను. అన్నానే. నాకేటి తెలుసును" అంటూ గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుంది. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. రోజూ కోడలికి అన్నం కలిపి తెచ్చి, తినేదాకా పక్కనే నిలబడేది. అలా నిలబడ్డం కూడా ఒక రకం క్షమాపణేనని బిందుకి తెలుసు.

పృథ్వీ మాత్రం ఒక్క మాట అనలేదు. అతను మొదటినుంచీ మాట తక్కువ మనిషి. బల్ల మీద పక్కన కూర్చునేవాడు, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలి. ఒకసారి ఏడుపు ఆపుకోలేక బిందు అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. అతను కసురుకోలేదు. నెమ్మదిగా ఆమె వేళ్ళు విడదీసి, లేచి వెళ్ళి, కుళాయి కింద చేతులు కడుక్కుని వచ్చాడు. మరో రోజు ఆమె మంచం మీద మడతపెట్టి ఉన్న పాప బట్టలు తీసి, సబ్బుతో ఉతికి, తాయారమ్మ సంచిలో పెట్టాడు. అది చూసినా అతను చేస్తున్నది తప్పని ఆమెకి అనిపించలేదు. అదే అన్నిటికంటే ఘోరం. తన ఒంట్లో ఏదో ఉందనీ, అది తన కొడుకుని తినేసిందనీ ఆమె కూడా నమ్మింది. స్నానాల గదిలో పాలు పిండి కుండీలో పోసేటప్పుడు ఆ తెల్లటి ధార వంక చూడ్డానికి కూడా భయపడేది.

నర్సరీ అద్దం బయటి నుంచి పాపని చూడనిచ్చేవారు. లోపల ఓ మూల చిన్న గట్టు, దాని పక్కన సింకు. నర్సులు అక్కడే పొడిపాలు కలిపేవారు, ఉగ్గుగిన్నెలూ గొట్టాలూ అక్కడే కడిగేవారు. చాందిని గిన్నె కడిగి, పాలు కలిపి, గొట్టంలో పోస్తుంటే బిందు అద్దానికి నుదురు ఆనించి చూసేది. నా నుంచి దూరంగా ఉంది, బతుకుతుంది అనుకునేది.

కొన్నాళ్ళకి పాప కూడా పాలు కక్కడం మొదలుపెట్టింది.

రక్తం తీసి పరీక్షకి పంపారు. బాబుకి వచ్చినదే వచ్చింది. ఈసారి శుక్లా గొంతు తగ్గించలేదు, కళ్ళు దించాడు. కిడ్నీలకి చెడు చేస్తుందని పక్కనపెట్టేసిన పాత మందొకటి ఉంది, కొలిస్టిన్, అదొక్కటే మిగిలింది, అది మొదలుపెడుతున్నాం అన్నాడు.

ఆ రోజే ఒక ఆవిడ బిందు మంచం దగ్గరికి వచ్చింది. నలభై దాటిన మనిషి, నూలు చీర, పైన తెల్లకోటు. హిందీలో మొదలుపెట్టింది గానీ, తాయారమ్మ కొడుకుతో ఫోనులో మాట్లాడుతున్నది విని తెలుగులోకి మారింది. పేరు డాక్టర్ నళిని. రోగుల్ని చూడదు, కింద ల్యాబులో రక్తంలోనూ చీములోనూ పెరిగే సూక్ష్మజీవుల్ని చూస్తుంది. వాళ్ళది వరంగల్ వైపు, నాన్న భిలాయి స్టీల్ ప్లాంటులో పనిచేశాడట.

"పాపను నువ్వు తాకక ఎన్నాళ్ళయిందమ్మా?"

"బాబు పోయినప్పట్నుంచీ తాకనివ్వట్లేదు. పాలూ ఇవ్వట్లేదు."

నళిని ఆ మాట కాగితం మీద రాసుకుంది. "నీ దగ్గర్నుంచి ఒకటి రెండు శాంపిళ్ళు తీసుకుంటా. మూత్రం, ఇంకా మలం. సరేనా?"

"ఇంకా ఏం తెలియాలి మేడమ్? నాదేనని చెప్పేశారు కదా."

"ఎవరు చెప్పిన్రు?"

"డాక్టర్ సాబ్."

"చూసి చెప్పిన్రా, అనుకొని చెప్పిన్రా?"

బిందు లేచి శాంపిలు సీసా అందుకుంది.

రెండు రోజుల తర్వాత నళిని మళ్ళీ వచ్చి ఆమెని లిఫ్టులో కిందికి తీసుకెళ్ళింది. ల్యాబులో ఏదో ఉడకబెట్టిన వాసన. బల్ల మీద మూతలు పెట్టిన గుండ్రటి ప్లేట్లు ఉన్నాయి. వాటిలో జావ గడ్డకట్టినట్టు పసుప్పచ్చని పొర, దాని మీద చిన్న చిన్న కాగితపు బిళ్ళలు.

"మూతలు తియ్యకుండా చూడు" అంది నళిని. "ఒక్కో బిళ్ళకి ఒక్కో మందు పట్టించి ఉన్నది. పొర మీద సన్నగా పొగమంచులాగ కనిపిస్తున్నదే, అది సూక్ష్మజీవి. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ అది చచ్చిపోయి, గుండ్రంగా ఖాళీ ఏర్పడుతది. పనిచెయ్యకపోతే బిళ్ళ అంచు దాకా మొలుస్తది. ఈ ప్లేటు నీది."

బిందు వంగి చూసింది. నాలుగైదు బిళ్ళల చుట్టూ పొగమంచు దగ్గరగా కమ్ముకుని ఉంది. తన ఒంట్లోది.

"చూశావా, ఈ బిళ్ళలకి అది లొంగలేదు. పెన్సిలిన్, దాని జాతి మందులు. ఎందుకో చెప్తా విను. ఈ జాతి మందులన్నిటి మధ్యలో నాలుగు మూలల చిన్న చట్రం ఒకటి ఉంటది. మందు బలమంతా అందులోనే. సూక్ష్మజీవి తన చుట్టూ గోడ కట్టుకుంటది. ఆ గోడ కట్టే పనిముట్టుకి ఈ చట్రం పోయి అతుక్కుంటది. గోడ ఆగిపోతది, అది పగిలి చస్తది. అయితే కొన్ని సూక్ష్మజీవులు ఒక ఎంజైమ్ తయారుచేసుకుంటయి. మందు వచ్చేలోపలే ఆ ఎంజైమ్ చట్రాన్ని తెంపేస్తది. తెగిపోయిన మందు నీళ్ళతో సమానం. ఒక్క ఎంజైమ్ ఒక సెకనులో ఎన్నో తెంపుతది, తాను మాత్రం అరిగిపోదు."

"నాలో అదుందా?"

"ఉన్నది. ఇక్కడ వీధిలో పదిమందిని నిలబెట్టి పరీక్ష చేస్తే సగం మందికి పైనే ఉంటది. నాకూ ఉండొచ్చు. పేగుల్లో ఊరికే పడి ఉంటది. కానీ ఇప్పుడు ఈ బిళ్ళ చూడు."

ప్లేటులో ఓ పక్కనున్న బిళ్ళ చుట్టూ మాత్రం పెద్ద ఖాళీ గుండ్రం ఉంది, దీపం చుట్టూ వెలుగులా తేటగా.

"ఇది మెరోపెనెమ్, బాబుకి ఆఖర్న ఇచ్చిన మందు. నీలో ఉన్నదాని ఎంజైమ్ దీన్ని తెంపలేకపోయింది. మందు ముందు నిలవలేక చచ్చింది. ఇప్పుడిది చూడు. ఇది బాబు రక్తంలోంచి తీసింది. దాచి పెట్టిన."

రెండో ప్లేటులో ఖాళీ గుండ్రమే లేదు. అన్ని బిళ్ళల అంచుల దాకా పొగమంచు కమ్ముకుని ఉంది.

బిందు చాలాసేపు చూసింది. చివరికి, "నాలోదే బాబు ఒంట్లోకి వెళ్ళి ఇలా పెద్దదైపోయి ఉండొచ్చు కదా మేడమ్?" అంది.

"అడగాల్సిన ప్రశ్నే. అందుకే తొందరపడి నీకు చెప్పలేదు. నీలోది వేరే జాతి సూక్ష్మజీవి, బాబుది వేరే జాతి. అయినా సూక్ష్మజీవులు ఈ ఎంజైమ్ విద్యను ఒకదానికొకటి ఇచ్చుకుంటయి. అందుకని జాతి చూస్తే చాలదు, ఎంజైమ్ ఏదో చూడాలె. నీ ఎంజైమ్ ఒక రకం, బాబుని చంపింది ఇంకో రకం. రెండూ మందునే తెంపుతయి గానీ, పుట్టుకే వేరు. ఇది అదిగా మారదు. నీ దగ్గర్నుంచి తీసినదాన్ని మెరోపెనెమ్ కలిపిన ప్లేటులో కూడా వేసి చూసిన. ఒక్కటి కూడా మొలవలేదు." నళిని ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "నీలో లేనిది నువ్వు ఇవ్వలేవమ్మా."

ఒక మనిషి తనని చెయ్యి వేసి తాకి ఎన్నాళ్ళయిందో బిందుకి అప్పుడు తెలిసింది. బల్ల అంచు పట్టుకుని ఏడ్చింది. నా వల్ల కాదు, నా వల్ల కాదు అని లోపల ఏదో ఎగిరి గంతేసింది. కొడుకు పోయాడు, కూతురు పైన కొనఊపిరితో ఉంది, అయినా ఇంత సంతోషం ఎలా వచ్చిందా అని వెంటనే సిగ్గుపడింది.

కళ్ళు తుడుచుకుని అడిగింది. "మరి ఎక్కడిది?"

నళిని ఇంకో ప్లేటు ముందుకు జరిపింది. బాబు ప్లేటుకీ దానికీ తేడా లేదు.

"నర్సరీలో మూలనున్న సింకు, దాని గొట్టం లోపలి జిగట. అక్కడ తడి ఎప్పుడూ ఆరదు. మిగిలిన మందులన్నీ నర్సులు అందులోనే పారబోస్తరు. ఆ మందుల్లో బతికి బట్టకట్టినవే అక్కడ మిగులుతయి. కుళాయి తిప్పితే తుంపరలు లేచి పక్కనున్న గిన్నెల మీద పడతయి."

బిందు కళ్ళ ముందు గట్టూ, ఉగ్గుగిన్నెలూ, చాందిని చేతులూ కదిలాయి. నా పాలు కుండీలో పోయించి, ఆ సింకు దగ్గర కడిగిన గిన్నెలో పాలు కలిపి నా బిడ్డకి పట్టారు. నేను అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. దేవుడా, పాప చల్లగా ఉంది అనుకున్నాను.

ఏడుపు ఆగిపోయింది. "మా ఆయనకి మీరే చెప్పండి. నేను చెప్పను."

పృథ్వీ మధ్యాహ్నం షిఫ్టు దిగి వచ్చాడు. నళిని అతనికీ అవే ప్లేట్లు చూపించి, అవే మాటలు చెప్పింది. బిందు గుమ్మం దగ్గర నిలబడింది. ప్లేట్ల వంక చూస్తున్నప్పుడు అతని మెడ వెనక నరం కొట్టుకోవడం ఆమెకి కనిపించింది. రోజంతా చక్రాల ఇరుసుల్లో అరుగుదల చూసే మనిషి అతను, రెండు వస్తువుల మధ్య తేడా ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

"ఐతే బిందు పాలు..." అని ఆగాడు.

"మొదటినుంచీ ఇవ్వాల్సింది. ఆపాల్సింది కాదు."

"తాకడం?"

"తాకాల్సింది."

అతను తలూపాడు. బయటికి వచ్చి, లిఫ్టు పక్కన నేల మీద కూర్చుని, మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. బిందు అతని పక్క నుంచే మెట్లెక్కి పైకి వెళ్ళింది. ఆగలేదు. ఆగాలని కూడా అనిపించలేదు.

ఆ రోజు నుంచి మళ్ళీ పాలు పిండడం మొదలుపెట్టింది. అన్నాళ్ళూ భయంభయంగా కాస్త కాస్త తీసి పారబోయడంతో పాలు వెనకపట్టాయి. తాయారమ్మ మెంతులు నానబెట్టి తెచ్చింది, వెల్లుల్లి వేయించి తెచ్చింది, వేడినీళ్ళ గుడ్డతో వీపుకి కాపడం పెట్టింది. గంటసేపు కష్టపడితే గిన్నె అడుగు తడిసేది. ఆ తడినే తీసుకెళ్ళి, ఆసుపత్రి గిన్నె ముట్టకుండా, ఇంట్లో మరగబెట్టి తెచ్చిన చెంచాతో పాప గొట్టంలో పోయించింది. బిడ్డని గుండెల మీద పడుకోబెట్టుకోనిమ్మని నర్సులతో పోట్లాడి మరీ పడుకోబెట్టుకుంది. పాప ఒళ్ళు కాలిపోతూ ఉండేది. పాదాలు మాత్రం చల్లగా ఉండేవి.

నర్సరీని పై అంతస్తుకి మార్చారు. కింద రంగులు వేస్తున్నామన్నారు. ఎందుకని ఎవరైనా అడిగితే రంగులకే అని చెప్పారు. నళిని తను చూసిందంతా రాసి యాజమాన్యానికి ఇచ్చిందట. సింకు సంగతి తీసేసి మళ్ళీ రాయమన్నారట. రాయనంది. ఆ తర్వాత ఆ ల్యాబులో ఆమె కనిపించలేదు. వెళ్ళేముందు బిందు దగ్గరికి వచ్చి, "పెద్ద ల్యాబుకు కూడా పంపిన. వాళ్ళ దగ్గర్నుంచీ జవాబు వచ్చింది. నీది కాదు. ఎవరేమన్నా ఇక నమ్మకు" అని చెప్పి వెళ్ళింది.

కొలిస్టిన్ పనిచేసింది. పాప మూత్రం తగ్గి, ఒళ్ళు ఉబ్బి, ఒక దశలో శుక్లా తల అడ్డంగా ఊపినా, చివరికి జ్వరం దిగింది. నెల దాటాక ఇంటికి పంపారు. అప్పటికి పాప బరువు పుట్టినప్పటికంటే చారెడు బియ్యమంత ఎక్కువ, అంతే. పంపేటప్పుడు శుక్లా, "మేం చేయగలిగిందంతా చేశాం" అన్నాడు. బిందు అతని మొహంలోకే చూస్తూ నిలబడింది. ఆ చూపుకి అతను ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

పాపకి ప్రీతి అని తాయారమ్మ పేరు పెట్టింది.

పృథ్వీ ఊరుకోలేదు. జిల్లా ఆరోగ్యశాఖ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాడు. తనిఖీకి వచ్చిన ఇద్దరు అధికారుల వెంట తనూ వెళ్ళాడు. నర్సరీలో కొత్త స్టీలు సింకు, మెరిసే టైల్సు. "పాత సింకు ఏదీ?" అని అడిగాడు. తీసి పారేశామన్నారు. అధికారులు కొత్త సింకు కుళాయి తిప్పి చూసి, నీళ్ళు బాగానే వస్తున్నాయని వెళ్ళిపోయారు. భిలాయిలో ఉన్న నళిని తన ఖర్చుతో వచ్చి సాక్ష్యం చెప్పింది. విచారణ నడుస్తోందని ప్రతిసారీ చెప్పేవారు. ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

ఆ ఎండాకాలం పండరీ బజారులో బట్టల దుకాణం ముందు చాందిని ఎదురైంది. బిందుని చూసి పక్క సందులోకి తిరగబోయి, మళ్ళీ ఏమనుకుందో, దగ్గరికి వచ్చింది.

"దీదీ, ఆ నెలలో పోయింది మీ బాబొక్కడే కాదు. ఇంకా ఉన్నారు. వాళ్ళ అమ్మలకి కూడా మీకు చెప్పినట్టే చెప్పారు." ఆమె తన చేతుల వంక చూసుకుంది. "ఆ గిన్నెలు నేనే కడిగాను దీదీ. శుభ్రంగా కడిగాననే అనుకున్నాను."

"నీకు తెలియదు కదా చాందినీ" అంది బిందు.

ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. ఇంటికి వచ్చేదాకా ఆలోచించింది. చాందినితో అంత తేలిగ్గా అనగలిగిన మాట పృథ్వీతో ఎందుకు అనలేకపోతోంది? అతనికీ తెలియదు కదా. డాక్టరు చెప్పింది నమ్మాడు, తనూ నమ్మింది. అయినా రాత్రి అన్నం వడ్డించేటప్పుడు కంచం అతని ముందు పెట్టి చెయ్యి వెంటనే వెనక్కి తీసుకునేది. ఇంట్లో మాటలు, పాలు అయిపోయాయి, కరెంటు పోయింది, అంతవరకే. తాయారమ్మ ఇద్దరి మధ్యా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండేది. అలిసిపోయి ఆవిడా మానేసింది.

ప్రీతికి మెడ నిలిచింది, బోర్లా పడింది. కానీ వెనక నుంచి పిలిస్తే తిరిగేది కాదు. వీధిలో పెళ్ళి బ్యాండు వాయించుకుంటూ పోయినా నిద్ర కదిలేది కాదు. మొదట గమనించింది తాయారమ్మ. గిన్నె మీద గరిటెతో కొట్టి చూసి, మనవరాలి మొహం చూసి, గరిటె కింద పెట్టేసింది.

వినికిడి పరీక్ష చేసినచోట, ఇన్‌ఫెక్షన్ మెదడు పొరల దాకా వెళ్ళినప్పుడు చెవి నరాలు దెబ్బతిని ఉంటాయన్నారు. పూర్తిగా పోలేదు, చాలా పోయింది.

బయట బెంచీ మీద పృథ్వీ తల వంచుకుని కూర్చున్నాడు. "నన్ను ఓసారి తిట్టవేటి బిందూ?" అన్నాడు. "తిట్టు. కొట్టు. ఏటో ఒకటి చెయ్యి."

బిందు పాపని భుజం మార్చుకుంది. "మీరు నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే దానికి జవాబు చెప్పేదాన్ని. మీరు చేతులు కడుక్కున్నారు. దానికి ఏం జవాబు చెప్పమంటారు?"



పాప చెవులకి మిషన్లు పెట్టారు. పెట్టిన అమ్మాయి మరీమరీ చెప్పింది. "మిషన్ పెడితే చాలదు. రోజంతా మాటలు వినబడాలి. వంట చేస్తూ, బట్టలు ఆరేస్తూ, చేసే ప్రతి పనీ చెప్తూ ఉండండి. ఇద్దరు మనుషులు మాట్లాడుకోవడం వింటేనే పిల్లలకి మాట వస్తుంది. ఇంట్లో నిశ్శబ్దం ఉండకూడదు."

మొదటి రోజు పృథ్వీయే మొదలుపెట్టాడు. డ్యూటీ నుంచి వచ్చి, పాపని ఒళ్ళో పెట్టుకుని, వంటగది గుమ్మంలో కూర్చున్నాడు. "నాన్న వొచ్చీసినాడు. సైకిలు లోపల పెట్టీసినాడు" అన్నాడు, పాఠం అప్పజెప్పినట్టు. బిందు వైపు చూశాడు. ఆమె జవాబు చెప్పాలి.

"అమ్మ బెండకాయలు కోస్తోంది" అంది బిందు.

"ఎన్ని కోస్తోంది?"

"గుప్పెడు. లేతవి దొరకలేదు."

"ఏ బజారువి?"

"మోవావే."

అలా రోజూ నడిచింది. ఎవరికి వినబడుతుందో తెలియని ఆ మాటలు ఇద్దరూ పెద్ద గొంతుతో చెప్పుకునేవారు. షాపులో ఏ వ్యాగన్ వచ్చింది, చక్రం ఎందుకు పగిలింది, తాయారమ్మ మోకాళ్ళ నొప్పులు, పప్పులో ఉప్పు. మొదట్లో బిందుకి నాటకంలా ఉండేది. గొంతు బయటికి వచ్చేది గానీ మనసు వచ్చేది కాదు.

ఒక ఆదివారం పృథ్వీ దగ్గర చెప్పడానికి మాటలు అయిపోయాయి. పాప అతని బొటనవేలు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. అతను కాసేపు ఊరుకుని, ఊరుకోకూడదని గుర్తొచ్చి, పాప చెవి దగ్గరికి వంగి, గట్టిగా, ఒక్కో మాటా విడివిడిగా అన్నాడు.

"నీకో అన్న ఉండీవోడు. వోడు పోయినప్పుడు అమ్మని ఒక్కర్తినీ ఒగ్గీసినాను నాను."

బిందు చేతిలో కాయ కత్తిపీట మీద ఆగింది. తల తిప్పలేదు. పాప అతని నోటి కదలిక వంకే కళ్ళార్పకుండా చూస్తోంది. అర్థమైందో, అసలు వినబడిందో తెలియదు. పృథ్వీ ఇంకా ఏదో చెప్పబోయి ఆగాడు. వంటగది నిశ్శబ్దమైపోయింది.

నిశ్శబ్దం ఉండకూడదు.

"వాడికి పట్టు ఎక్కువ" అంది బిందు, కాయ తిప్పి కోస్తూ, పాపకి వినబడేంత గట్టిగా. "వేలు పట్టుకుంటే వదిలేవాడు కాదు. చెప్పండి. ఆ రోజు మీరు వాడిని తీసుకెళ్ళాక ఏం చేశారో, మొత్తం చెప్పండి."

పృథ్వీ చెప్పడం మొదలుపెట్టాడు.